14-బి మూలనాదం కేసు

పొద్దున్న పదిన్నరకి నేను లంగరు కాలనీలో స్కూటర్ దిగేసరికి కాసులమ్మ పోలీసు జీపులో కూర్చుని ఉంది. ఒళ్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె. కాళ్ల దగ్గర సీలు వేసిన రెండు సంచులు, ఒక బిందె. మొదటి సంచి మీద ‘ఉప్పు, అరకిలో’ అని చీటీ. రెండోదాని మీద ‘బొగ్గులు, మూడు కిలోలు’. బిందె మీద ‘నీళ్లు, ఒక బిందె’.

“రండి ఏఈ గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ అచ్చియ్య. “కేసు తేలిపోయింది. మీ సంతకం ఒక్కటే తక్కువ.”

“ఏం కేసు?”

“రొద ఆగిపోయింది.”

నేను చెవి రిక్కించాను. అతను చెప్పింది నిజమే. 14-బి క్వార్టర్‌లోంచి పగలూ రాత్రీ జుమ్మని వినపడే రొద ఇవాళ లేదు. దాని బదులు సముద్రం వినిపిస్తోంది. కాలనీకి ఇంత దగ్గర్లో సముద్రం ఉందన్న సంగతి ధ్వని వారసత్వ మండలి సిబ్బందిలో చాలామందికి ఆ ఉదయమే తెలిసిందట.

సాయంత్రం నాలుగింటికి మంత్రిగారు వస్తున్నారు. ఆ రొదని రాష్ట్ర వారసత్వ సంపదగా ప్రకటించడానికి. ఈలోగా రొద తిరిగి రావాలి. లేదా దాన్ని ఆపిన మనిషి పేరు బయటికి రావాలి. ఆ రొద కోసం మండలి రాసుకున్న మూలనాద పరిరక్షణ నిబంధనల్లో తొమ్మిదో నిబంధన ప్రకారం ఆ మనిషి అదే రోజు సామానుతో సహా కాలనీ ఖాళీ చేసి, పోలీసుల వెంట వెళ్లాలి. పేరు ధ్రువీకరించాల్సింది విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు. అంటే పైల భాస్కరం. అంటే నేను.

కాసులమ్మ 14-ఎ లో ముప్ఫై ఎనిమిదేళ్లుగా బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఉంటోంది. 14-బికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ.

“బాబూ,” అంది ఆవిడ జీపులోంచి. “పెట్టిలో నిప్పులున్నాయి. సల్లారిపోతే మళ్లీ రాజెయ్యాల. బేగి తేల్చండి.”

“ఈవిడే చేసిందని ఎలా చెబుతున్నారు?” అని అచ్చియ్యని అడిగాను.

“మీరే చెప్పారు కదండీ.”

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి అచ్చియ్య ఫోన్ చేసి, ఎర్తింగ్ పాడైతే బాగుచెయ్యడానికి ఏం కావాలి అని అడిగాడు. వాళ్లింట్లో ఏదో రిపేరు అనుకున్నాను. “పెద్దగా ఏం లేదండి, భూమిలో పాతిన ఇనప పైపు చుట్టూ ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తే సరిపోతుంది,” అన్నాను.

అరగంటలో అతను కాసులమ్మ ఇంట్లో ఆ మూడూ పట్టుకున్నాడు.

*

ఇదంతా పొట్నూరు జెకర్యా గిటార్‌తో మొదలైంది.

జెకర్యా ఇక్కడి ఓడల మరమ్మతు కంపెనీలో ఓడలకి రంగులు వేసేవాడు. కంపెనీ మూతపడి చాలా కాలమైంది. 1981లో ఓ విదేశీ నావికుడు వెళ్తూ వెళ్తూ వదిలేసిన ఎలక్ట్రిక్ గిటార్ అతని చేతికొచ్చింది. దానికి ఆరు తీగలుండాలి. నాలుగున్నాయి. మిగతా రెండు ఎక్కడ దొరుకుతాయో తెలియక నాలుగింటితోనే కానిచ్చాడు. కంపెనీలో ఇంకో ముగ్గుర్ని కూడగట్టి, ఓడల్ని మరమ్మతుకి ఎక్కించే రేవు పేరు మీద ‘డ్రై డాక్’ అని బ్యాండు పెట్టాడు. తాము వాయిస్తున్నది పోస్ట్-పంక్ అని వాళ్లకి ముప్ఫై ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. పంక్ అంటే మూడు స్వరాలతో లోకాన్ని తిట్టడం. తిట్టాక కూడా లోకం అలాగే ఉండటం చూసి, ఒక స్వరం తగ్గించుకుని గోడవైపు తిరిగి వాయిస్తే అది పోస్ట్-పంక్.

డ్రై డాక్ తొమ్మిది కచేరీలు చేసింది. నాలుగు పూర్తయ్యాయి. ఒక పెళ్లి విందులో అయితే పెళ్లికొడుకే లేచొచ్చి ప్లగ్గు పీకాడు. జెకర్యా ఉండే 14-బి ముందుగదిలో రికార్డు చేసిన ‘తుప్పు’ అనే క్యాసెట్టు రెండు వందల కాపీలు తీశారు. 1985లో డ్రమ్మర్‌కి తపాలా శాఖలో ఉద్యోగం రావడంతో బ్యాండు ఆగిపోయింది.

క్యాసెట్టు ఆగలేదు. ఒక ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కి కాపీ అవుతూ బెంగుళూరు వెళ్లింది. అక్కణ్ణుంచి షిల్లాంగ్. చివరికి నార్వే. అందులో ప్రత్యేకత రెండే విషయాల్లో ఉంది. ఒకటి, పాటలన్నిటి కిందా విడవకుండా మోగే జుమ్మనే రొద. రెండు, జెకర్యా మీటే తీరు. తీగని తాకీ తాకగానే చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. స్వరం పుట్టీ పుట్టగానే తెగిపోతుంది. అది విని ఓ తరం గిటారిస్టులు చేతులు వెనక్కి లాక్కోవడం మొదలెట్టారు. వాళ్లని చూసి ఇంకో తరం. నార్వే నుంచి ఓ పరిశోధకురాలు వచ్చి, రెండు నెలలు కాలనీలో ఉండి, ‘వెనుదిరిగిన హస్తం: శ్రామికుని అస్తిత్వ వేదన’ అని మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసింది.

దాని కాపీ ఒకటి సచివాలయానికి చేరింది. నెల తిరక్కుండా రాష్ట్ర ధ్వని వారసత్వ మండలి పుట్టింది. అధ్యక్షులు ‘నాదవిద్యా ధురంధర’ డాక్టర్ తటవర్తి కుముదబాంధవరావు గారు. అంతకుముందు ఆయన గుర్రపుడెక్క నిర్మూలన సంస్థకి అధ్యక్షులు. గుర్రపుడెక్క ఇంకా ఉంది, సంస్థే లేదు.

రొద ఎందుకొస్తోందో కనిపెట్టమని నన్ను పిలిచారు. పది నిమిషాల్లో కనిపెట్టాను. పాత వైరింగు లీకవుతోంది. ఆ కరెంటు భూమిలోకి పోవడానికి కంపెనీవాళ్లు పెరట్లో పైపు పాతారు గానీ, నలభై ఏళ్లుగా దానికి చుక్క నీరు లేక చుట్టూ ఇసక ఎండిపోయింది. దాంతో కరెంటు వెళ్లే దారిలేక గిటార్ ఆంప్లిఫయర్‌లో చేరి రొద పెడుతోంది.

“రేపు బాగుచేసేస్తాను సార్,” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

“బాగుచేయడమా?” అన్నారు అధ్యక్షులవారు. “అజంతా గుహలకి సున్నం కొడతారా ఏఈ గారూ? ఇది లోపం కాదు. మూలనాదం.”

మర్నాడు ఉత్తర్వు వచ్చింది: ‘సదరు లోపమును ఎట్టి పరిస్థితులలోనూ సరిచేయక యథాతథముగా సంరక్షించవలెను.’ నాకు లోప సంరక్షణాధికారి అని అదనపు హోదా. ప్రతి నెలా ఒకటో తారీఖున నేనొక పత్రం మీద సంతకం చెయ్యాలి: ‘పరిశీలించితిని. లోపము చెక్కుచెదరక యున్నది.’ అలాంటివి ముప్ఫై ఒకటి చేశాను. మొదటి రెండుసార్లు వెళ్లి చూశాను కూడా.

తర్వాత 14-బిలో కళాశాల పెట్టారు. నలభై మంది విద్యార్థులు. అందరూ రాత పరీక్ష పాసయ్యారు గానీ చెయ్యి మాత్రం ఎవరికీ అంత వేగంగా వెనక్కి రాలేదు. ఉపసంఘం వేశారు. తడిపిన గోనెపట్టా మీద చెప్పుల్లేకుండా నిలబడి సాధన చెయ్యాలని ఉపసంఘం సిఫార్సు చేసింది. ఆ ఏడాది నూటికి నూరు శాతం ప్రథమ శ్రేణి.

ఆ కరెంటే గోడలోని పైపుల్లోకి పాకి కాసులమ్మ కుళాయిలోకి వచ్చేది. ముట్టుకుంటే షాకు. ఆవిడ పదకొండు అర్జీలు పెట్టింది. మూడో అర్జీకి ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబొచ్చింది. ఏడో అర్జీకి ‘మీకు కలుగు షాకు మూలనాదములో అంతర్భాగము’ అని. పదకొండో అర్జీకి మండలి మనుషులే వచ్చారు. కుళాయికి ఇత్తడి ఫలకం బిగించి వెళ్లారు: ‘వారసత్వ కుళాయి. స్పృశించరాదు.’ అప్పట్నుంచీ ఆవిడ వీధి చివర కుళాయి నుంచి బిందెతో నీళ్లు తెచ్చుకుంటోంది.

*

ముందు కుళాయికి టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. బల్బు వెలగలేదు. వేలితో ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

జీపు దగ్గరికి వచ్చాను. “కాసులమ్మా, కుళాయి షాకు కొట్టడం ఎప్పుడు మానేసింది?”

“మొన్న కాదు, అటుమొన్న సోమారం సందేల నుంచి తగ్గింది బాబూ. ముందు సిన్నగా కరిసీది. తర్వాత సీమ కుట్టినట్టు. గురువారానికి మానీసింది.”

“మరి చెప్పలేదేం?”

“కరిస్తే అర్జీ పెట్టినాను. కరవకపోయినా పెట్టాలేటి?”

అచ్చియ్య ఇది రాసుకున్నాడు. “చూశారా. తెలుసు. తెలిసీ చెప్పలేదు. లాభం ఈవిడికే. పదకొండు అర్జీలంటే పదకొండు కారణాలు.”

“ఎనిమిది రోజులుగా రొద తగ్గుతుంటే మండలిలో ఒక్కరికీ వినపడలేదా?”

“సిబ్బంది అందరూ చెవుల్లో దూది పెట్టుకునే పనిచేస్తారండీ. ఇవాళ మంత్రిగారికి వినిపించే ముందు రిహార్సల్ కోసం తీస్తేనే తెలిసింది.”

అప్పుడే అధ్యక్షులవారి కారు వచ్చింది. పట్టు కండువా సవరించుకుంటూ దిగారు.

“భాస్కరం గారూ, ఇది సాంస్కృతిక హత్య,” అన్నారు. “దోషి దొరికిందని విన్నాను. నివేదిక మీద సంతకం చేశారా?”

“ఇంకా లేదు సార్. ఒక మాట. ఎర్త్ వైరు కట్ చేస్తే నిమిషంలో రొద వచ్చేస్తుంది. ఎవరి పేరూ రాయక్కర్లేదు.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “అది మీరు చేసిన లోపం అవుతుంది. మానవకల్పితం. నకిలీ. వారసత్వ హోదా సహజ లోపానికే వర్తిస్తుంది. ఆ నిబంధన నేనే రాశాను. తొమ్మిదోది కూడా నేనే రాశాను. దోషి చేసిన మరమ్మతును విచారణ ముగిసేవరకు సాక్ష్యంగా యథాతథంగా ఉంచాలి. తాకితే మీరు రెండో ముద్దాయి.” వాచీ చూసుకున్నారు. “మూడింటికల్లా సీలు కవరులో నివేదిక. నాలుగింటికి వేదిక మీద మీరే విప్పి దోషి పేరు చదవాలి. పూర్తి పేరు. బిరుదులుంటే బిరుదులతో సహా.”

“కాసులమ్మకి బిరుదులేముంటాయి సార్?”

“నిబంధన అందరికీ ఒకటే.”

*

జెకర్యా 14-బి వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటాయి. ఆ నాలుగు తీగల గిటారే ఒళ్లో ఉంది. ఒక తీగ మీటి, చెయ్యి వెయ్యకుండా వింటున్నాడు. స్వరం సాగింది. ఇంకా సాగింది. కిటికీలోంచి బయటికి పోయినట్టుగా సన్నబడి ఆగింది.

“ఇంతసేపు మోగుతాదని నాకు తెలీదు బాబూ,” అన్నాడు.

“జెకర్యా గారూ, రొద ఎవరాపారు?”

“ఎవరైతేనేం. ఆళ్లకి పుణ్యముంటాది.”

“మీ శైలి దెబ్బతింటుంది కదా. చెయ్యి వెనక్కి లాక్కోవడం…”

“శైలేటి బాబూ. షాకు కొట్టీది. సెయ్యి తీసీవోణ్ణి. అంతే.”

“మరి ఆ మూడు వందల పేజీలు?”

“ఆ పిల్ల నార్వే నుంచి వచ్చింది పాపం. రెండు నెలలు మన సేపల పులుసే తింది. రోజూ అడిగీది, మీకేటి వేదన అని. కరెంటు అని సెప్పాను. కరెంటు అంటే ఆధునికత అని రాసుకుంది. మరింకేటి సెప్పను?”

ఇంతలో ఒక సెక్షన్ ఆఫీసరు లోపలికి వచ్చి కాగితం చదివాడు. మూలనాదం లేకున్నను హస్తోపసంహారము, అనగా చెయ్యి వెనుకకు లాగుకొనుట, ఆగరాదు గనుక, సాయంత్రపు కచేరీలో కళాకారుని కుర్చీ కింద ఒక ఉద్యోగిని పిన్నీసుతో నియమించడమైనది. ప్రతి స్వరమునకు ఒకసారి. ఉద్యోగికి రక్తపోటు ఉన్నందున ప్రత్యామ్నాయంగా ఇంకొకరిని కూడా.

“ఇద్దరా?” అన్నాడు జెకర్యా.

“షిఫ్టులండీ,” అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

అతను వెళ్లాక జెకర్యా గిటార్ పక్కన పెట్టాడు. “కాసులమ్మని జీపెక్కించారంట. నిజమేనా?”

“నిజమే.”

“నాను ఆపానని రాసీ బాబూ. నాను ముసిలోణ్ణి. నాకు పిన్నీసు బాధ తప్పుతాది, ఆవిడికి జైలు తప్పుతాది.”

“మీరు ఆపలేదు కదా.”

“నువ్వు రాసిన ముప్ఫై కాయితాల్లో నిజమెంత?”

“ముప్ఫై ఒకటి,” అన్నాను. పెరటి తలుపు తీశాను.

*

మూడేళ్ల కిందట ఈ పెరట్లో ఎండిన ఇసక, పగిలిన సీసాలు, గోడకి ఆరడుగుల దూరంలో తుప్పు పట్టిన పైపు మొన. ఇప్పుడు అక్కడ పచ్చిక పరుపు. తడిసి బురదగా ఉంది. మధ్యలో నల్లరాతి ఫలకం, దాని వెనక ఓ పొగడ మొక్క. మొక్క మాత్రం ఎండిపోయి వాలిపోయింది. నిలబెట్టడానికి దాన్ని పురికొసతో ఓ కర్రకి కట్టారు.

దగ్గరికి వెళ్లి చూశాను. అది కర్ర కాదు. నా పైపు.

మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తవ్వాను. పిడికెడు నల్లటి పొడి వచ్చింది. బొగ్గు. తడి మట్టి కాస్త నాలిక మీద వేసుకున్నాను. ఉప్పన.

ఫలకం చదివాను. తేదీ, అటుమొన్న సోమవారం. తేదీ కింద ఉన్న పేరు రెండుసార్లు చదివాను.

మండలి తోటమాలి దాలినాయుడు గొట్టంతో నీళ్లు పడుతూ ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి.

“ఈ నీళ్లెక్కడివి?”

“బీచి దగ్గర బోరు నీళ్లండి. రోజూ రెండు ట్యాంకర్లు. ఉప్పునీళ్లు పోస్తే మొక్క సచ్చిపోద్దయ్యా అని సెప్పాను. ‘మండలి నీటికి ఉప్పుండదు’ అన్నారు.”

“ఎవరు?”

అతను గడ్డంతో ఫలకాన్ని చూపించాడు.

“మరి బొగ్గు?”

“అదీ ఆరేనండి. ఏదో పుస్తకంలో సదివారంట, బొగ్గు పొడి ఏస్తే మొక్క ఏపుగా లెగుస్తాదని. రెండు బస్తాలు తెప్పించి, సొంత సేత్తో గుంటలో పోశారు. పోటోలు కూడా తీశారు. గుంట తవ్వుతుంటే ఈ పైపు తగిలింది. పీకీమంటారా అని అడిగితే, ‘ఉండనీ, మొక్కకి ఊతంగా ఉంటుంది’ అన్నారు.”

ఉప్పు. బొగ్గు. నీళ్లు. రోజుకి రెండు ట్యాంకర్లు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేనింత పకడ్బందీ ఎర్తింగ్ చూడలేదు. మా శాఖ టెండరు పిలిచి చేయించినా ఇలా కుదరదు.

“ఆ ఫోటోలు ఎవరి దగ్గరున్నాయి?”

“ఇన్విటేషను కార్డు మీద ఏశారు కదండీ.”

నా జేబులోనే ఉంది కార్డు. తీశాను. అధ్యక్షులవారు నవ్వుతూ పైపు పక్కన బొగ్గు బస్తా ఒంచుతున్నారు. పక్కనే ఒకాయన గొడుగు పట్టాడు.

మూడింటికి నివేదిక సీలు కవరులో ఇచ్చాను. అధ్యక్షులవారు కవరు మీద సంతకం చేసి, విప్పకూడదన్న నిబంధన కూడా తనే రాశారు గనుక, విప్పకుండా నాకే తిరిగిచ్చారు.

*

నాలుగింటికి మంత్రిగారు వచ్చారు. షామియానా నిండిపోయింది. కాలనీ జనం, విద్యార్థులు, పత్రికలవాళ్లు. వేదిక పక్కనే జీపు. అందులో కాసులమ్మ. దోషి సభకి కనబడుతూ ఉండాలని తొమ్మిదో నిబంధనలో ఉందట. 14-ఎ ముందు అప్పటికే ఒక ట్రాక్టరు నిలబెట్టారు. ఆవిడ మంచం, రెండు ట్రంకు పెట్టెలు అందులోకి ఎక్కించారు.

అధ్యక్షులవారు నలభై నిమిషాలు మాట్లాడారు. “ఒక జాతి ఆత్మ దాని లోపాలలో ఉంటుంది,” అన్నారు. “ఆ లోపాన్ని మనకు లేకుండా చేసిన హస్తమేదో ఈ వేదిక మీద బట్టబయలు కావాలి. వారెంతటివారైనా సరే, ఉపేక్షించేది లేదని మంత్రివర్యుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను.”

చప్పట్లు.

నన్ను పిలిచారు. కవరు చించి, మైకు ముందు నిలబడ్డాను. ఈ కాలనీలో ఇన్నేళ్లుగా ఏ మైకు పెట్టినా ముందు రొదే వినపడేది, తర్వాత మనిషి. ఇవాళ నేను గొంతు సవరించుకుంటే అది కూడా వీధి చివరిదాకా వినపడింది.

“పరిశీలించితిని,” అని మొదలెట్టాను. ఈసారి నిజంగానే పరిశీలించాను గనుక ఆ మాట కొంచెం కొత్తగా అనిపించింది. “అటుమొన్న సోమవారం ఉదయం పదకొండు గంటలకు, 14-బి పెరట్లో, ఎర్త్ పైపు చుట్టూ గుంట తవ్వి, అందులో రెండు బస్తాల బొగ్గు పోసి, ఆ రోజు నుంచి రోజుకి రెండు ట్యాంకర్ల ఉప్పునీరు పట్టించడం జరిగింది. దీనివల్ల లోపము పూర్తిగా నశించినది.”

అచ్చియ్య జీపులోని బిందె వంక చూశాడు. తర్వాత 14-బి ముందు ఆగి ఉన్న ట్యాంకరు వంక చూశాడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

“దోషి అని పట్టుకొచ్చినావిడ దగ్గర దొరికిన బొగ్గు మూడు కిలోలు,” అన్నాను. “కాబట్టి జీపులో ఉన్నావిడ దోషి కాదు. నిజమైన దోషి ఈ పని చేస్తున్న ఫోటో మీ అందరి చేతుల్లోనూ ఉంది.”

కార్డులు తిప్పుతున్న చప్పుడు. మంత్రిగారు కళ్లజోడు పెట్టుకున్నారు. అచ్చియ్య జీపు దగ్గరికి వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. వేదిక మీద గిటార్‌తో కూర్చున్న జెకర్యా తన కుర్చీ కిందికి వంగి, అక్కడున్న ఉద్యోగితో, “పిన్నీసు దాచీ నాయినా, పనుంటాది,” అన్నాడు.

“తొమ్మిదో నిబంధన ప్రకారం,” అని చదివాను, “ఈ మరమ్మతు విచారణ ముగిసేవరకు సాక్ష్యంగా యథాతథంగా ఉండాలి. అంటే రోజూ రెండు ట్యాంకర్లు పోస్తూనే ఉండాలి. దోషి ఈ రోజే కాలనీ ఖాళీ చేయాలి. ట్రాక్టరు సిద్ధంగా ఉంది.”

అధ్యక్షులవారు ఇంతసేపూ మంత్రిగారి మొహమే చూస్తున్నారు గానీ నా నివేదిక వినలేదు. కార్డు కూడా ఇంకా అందలేదు. వెనకనుంచి కండువా సవరించుకుంటూ, మంత్రిగారికి వినపడేలా, “పేరు, భాస్కరం గారూ,” అని హెచ్చరించారు. “పూర్తి పేరు. బిరుదులతో సహా.”

“సెప్పీండి బాబూ,” అంది కాసులమ్మ జీపు దిగుతూ. “నిప్పులు సల్లారిపోతన్నాయి.”

మైకు దగ్గరికి జరిగాను.

“‘నాదవిద్యా ధురంధర’ డాక్టర్ తటవర్తి కుముదబాంధవరావు గారు,” అన్నాను.